పోల్ ఫిట్‌నెస్‌లో మొదటి అడుగు: ఏ స్టూడియో, ఏ తరగతి, ఏ పోల్

పోల్ డాన్స్, అంటే నిలువుగా బిగించిన లోహపు స్తంభాన్ని పట్టుకుని చేసే వ్యాయామం, తరగతిలో చేరాలనుకునేవారు దాదాపు అందరూ ఒకే సందేహంతో మొదలుపెడతారు: "నా చేతుల్లో అంత బలం లేదు, బరువు కూడా ఎక్కువే, నేను చేరవచ్చా?" నిస్సందేహంగా చేరవచ్చు. ఆ బలం తరగతిలో చేస్తూ చేస్తూ వచ్చేదే కాని, ముందుగా సంపాదించుకుని రావలసింది కాదు. నిజంగా ఆలోచించవలసిన ప్రశ్న మరొకటి ఉంది. అందుబాటులో రెండు మూడు స్టూడియోలు, ఒక్కో స్టూడియోలో నాలుగైదు రకాల తరగతులు, పైగా ఇంట్లోనే పోల్ బిగించుకునే వెసులుబాటు ఉన్నప్పుడు దేనిని ఎంచుకోవాలి? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి రెండు నెలలకు సంబంధించినంతవరకు, ఏ పాఠం తర్వాత ఏ పాఠం చెప్పాలో తెలిసిన శిక్షకురాలు, ఆమె కంటి ముందు ఇమిడేంత మంది విద్యార్థులు ఉన్న స్టూడియోనే అన్నింటికంటే ముందు చూసుకోవాలి. పోల్ ఏ లోహంతో చేసింది, అద్దాలు ఎంత పెద్దవి, ఇంటికి ఎంత దగ్గర అన్నవి ఆ తర్వాతి సంగతులు.

స్టూడియోను స్టూడియోతో పోల్చేటప్పుడు

నేను రెండు చోట్ల నేర్చుకున్నాను. మొదటి చోట గది విశాలంగా, దీపాలు అందంగా ఉండేవి. రెండవ తరగతిలోనే కొత్తవారందరినీ తలకిందులుగా వేలాడమన్నారు. చేతుల్లో అందుకు తగిన బలం లేదు కనుక నేను ఎగిరి, ఆ ఊపుతో కాళ్లను పైకి విసిరాను. ఫొటో బాగానే వచ్చింది. మర్నాటి ఉదయం కుడి భుజం ముందు భాగంలో పోటు మొదలై, మూడు వారాల పాటు చేయి పైకెత్తి జడ వేసుకోవడానికి కూడా ఇబ్బంది పడ్డాను. నొప్పి కంటే ఎక్కువగా బాధించింది, ఆ సంగతి చెప్పినప్పుడు వచ్చిన జవాబు: "అందరికీ ఉండేదే, అలవాటవుతుంది."

రెండవ స్టూడియో చిన్నది. అక్కడ మొదటి గంటలో దాదాపు నలభై నిమిషాలు కాళ్లు నేలమీదే ఉన్నాయి. పోల్ పక్కన నిలబడి, ఒక చేయి తల పైన పట్టుకుని, ఆ చేయి మీద కొంత బరువు వేసి, భుజాన్ని చెవికి దూరంగా కిందికి లాగి ఉంచడం. ఆ పట్టు సడలకుండా పోల్ చుట్టూ మునివేళ్ల మీద నడవడం. చూడటానికి ఏమీ లేనట్టే ఉంటుంది. శిక్షకురాలు నా వెనుకకు వచ్చి, "చేయి వేయవచ్చా అండీ?" అని అడిగి, నేను సరేనన్నాక రెండు వేళ్లు భుజపుటెముక మీద ఆనించి, "ఈ ఎముక నా వేళ్ల కిందనుంచి కిందికి జారాలి" అన్నారు. రెండుసార్లు జారలేదు. మూడోసారి జారింది, ఆ క్షణంలోనే చేతి మీది బరువు భుజం కీలు నుంచి వీపులోకి దిగినట్టు తెలిసింది. నా అరచేయి చెమటకు జారుతున్నదని గమనించి, ఆమె ఏమీ అనకుండా స్పిరిట్ తడిపిన గుడ్డతో పోల్‌ను పైనుంచి కింది వరకు ఒకసారి తుడిచి వెళ్లారు.

ఈ నిదానానికి శరీర నిర్మాణంలోనే కారణం ఉంది. మన భుజం కీలులో గుంట లోతు తక్కువ. అందుకే చేయి అన్ని దిక్కులకూ తిరుగుతుంది, అందుకే దానిని పట్టి ఉంచే పని చుట్టూ ఉన్న కండరాలదే అవుతుంది. కండరాలను బిగించకుండా వేలాడితే ఒంటి బరువంతా కీలు చుట్టూ ఉన్న మెత్తని పొరల మీద, స్నాయువుల మీద పడుతుంది. కండరం కొన్ని వారాల్లో బలం పుంజుకుంటుంది కాని, దానిని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు గట్టిపడటానికి నెలలు పడుతుంది. చేయగలుగుతున్నామన్న ఉత్సాహం కండరానిది, ఆ ఉత్సాహానికి మూల్యం చెల్లించేది స్నాయువు. ఈ తేడా తెలిసిన శిక్షకురాలు తలకిందుల భంగిమను మొదటి నెలలో దగ్గరికి రానివ్వరు. అది నేర్పే రోజు వచ్చినప్పుడు కూడా ఎగరకుండా, పొట్ట కండరాల బలంతో మోకాళ్లను నెమ్మదిగా పైకి తెచ్చుకోమంటారు.

కనుక పరిచయ తరగతికి వెళ్లినప్పుడు చూడవలసింది ఇతరులు చేసే విన్యాసాలను కాదు, తరగతి నడిచే తీరును. వార్మప్‌కు కనీసం పది పదిహేను నిమిషాలు ఇస్తున్నారా, అందులో మణికట్లు, భుజాలు కూడా ఉన్నాయా? ప్రతి విన్యాసాన్నీ కుడి ఎడమలు రెండు వైపులా చేయిస్తున్నారా, లేక అలవాటైన వైపు మాత్రమే చేసి వదిలేస్తున్నారా? ఒక్క వైపే చేస్తూ పోతే ఏడాది తిరిగేసరికి ఒక భుజం ఒకలా, రెండోది మరోలా తయారవుతుంది. రెండు పోల్‌ల మధ్య ఇద్దరూ కాళ్లు బారజాపి తిరిగినా తగలనంత దూరం ఉందా? కిందపడే అవకాశమున్న విన్యాసానికి పోల్ చుట్టూ మందపాటి క్రాష్ మ్యాట్ వేస్తున్నారా? ఒకరికి ఒక విన్యాసం రానప్పుడు "మళ్లీ ప్రయత్నించండి" అని పక్కకు వెళ్లిపోతున్నారా, లేక దానికంటే ఒక మెట్టు కిందిది చూపించి అక్కడినుంచి ఎక్కిస్తున్నారా? నా దృష్టిలో స్టూడియో ఆదరణ అన్నది ఈ చివరి ప్రశ్నకు దొరికే జవాబులోనే తెలుస్తుంది. గుమ్మం దగ్గర నవ్వుతూ పలకరించడం ఎక్కడైనా ఉంటుంది. లావుగా ఉన్నవారికి, యాభై దాటినవారికి, మగవారికి, పాత గాయం ఉన్నవారికి అదే గంటలో వారికి తగిన పాఠం దొరికితే, అది ఆదరించే చోటు.

ఫొటోల విషయం కూడా ముందే అడిగి తెలుసుకోండి. తరగతిలో అందరూ పొట్టి బట్టల్లో ఉంటారు, గోడ నిండా అద్దాలు ఉంటాయి; ఒకరు తమ వీడియో తీసుకుంటుంటే వెనుక నలుగురు అందులో పడతారు. ఎవరు ఎప్పుడు తీయవచ్చో నియమం పెట్టుకుని దానిని పాటించే స్టూడియోను నమ్మవచ్చు.

బృందంలోనా, ఒంటరిగానా

బృంద తరగతుల్లోనూ రెండు పద్ధతులున్నాయి. ఒకటి ఆరు లేదా ఎనిమిది వారాల కోర్సు: అందరూ ఒకే రోజు మొదలుపెట్టి, ఒకే క్రమంలో సాగుతారు. రెండవది ఎప్పుడు వీలైతే అప్పుడు వచ్చే విడి తరగతి. సమయం చేతిలో లేనివారికి విడి తరగతి అనుకూలంగా కనిపిస్తుంది కాని, కొత్తవారికి అది నష్టమే. ఆ రోజు వచ్చినవారిలో సగం మందికి ఎక్కడం వచ్చి ఉంటుంది, మిగతా సగం మందికి పట్టుకోవడమే రాదు. శిక్షకురాలు ఎవరికి న్యాయం చేయగలరు? కోర్సు దొరికితే కోర్సులోనే చేరండి.

పోల్‌కు ఇద్దరు చొప్పున ఉండే తరగతి పేరుకు చవకబేరంలా అనిపించినా, కొత్తవారికి అది నిజంగానే మేలు చేస్తుంది. ఒకరు చేస్తుండగా మరొకరు ఊపిరి తీసుకుంటారు, అరచేతుల చర్మం చల్లబడుతుంది, పక్కవారి పొరపాటు చూసి తమది దిద్దుకుంటారు. ఇద్దరికి మించితే మాత్రం గంటలో చేసే సమయం కంటే నిలబడే సమయమే ఎక్కువవుతుంది.

ఒకరికి ఒకరుగా నేర్చుకునే తరగతికి ఖర్చు ఎక్కువ. పాత భుజం గాయం ఉన్నవారికి, నలుగురిలో పొట్టి బట్టలు వేసుకోవడానికి మొదట్లో మొహమాటపడేవారికి అటువంటి రెండు మూడు తరగతులు ఎంతో ఉపకరిస్తాయి. వాటితో మొదలుపెట్టి తర్వాత బృందంలో కలవడం మంచి దారి. ఎందుకంటే ఈ వ్యాయామంలో మనిషిని నిలబెట్టేది చాలావరకు తోటివారే. మొదటిసారి పోల్ పైకి ఎక్కి కూర్చున్నప్పుడు కింద నలుగురు చప్పట్లు కొట్టడంలోని సంతోషం ఒంటరి తరగతిలో దొరకదు.

స్టాటిక్ పోల్, స్పిన్ పోల్

స్టూడియోల్లోని చాలా పోల్‌లను రెండు రకాలుగానూ వాడవచ్చు. బిగించి ఉంచితే పోల్ కదలదు, అది స్టాటిక్. బిగింపు వదిలితే బేరింగుల మీద పోలే తిరుగుతుంది, అది స్పిన్. స్టాటిక్ మీద తిరగాలంటే అడుగు వేసి, కాలు విసిరి, ఆ ఊపును మనమే పుట్టించాలి. చేతి పట్టు కొద్దిగా జారుతూనే మనల్ని మోయాలి. ఫైర్‌మ్యాన్ స్పిన్, చెయిర్ స్పిన్ అని కొత్తవారికి నేర్పే మొదటి తిరుగుళ్లు ఈ విధంగానే వస్తాయి. ఊపు దానంతట అదే అయిపోతుంది కనుక కాళ్లు నేలకు ఆనడం కూడా సులభం.

స్పిన్ పోల్ మీద చిన్న తోపుకే తిరుగుడు మొదలవుతుంది, చూడటానికి మరింత అందంగా ఉంటుంది. అయితే కాళ్లూ చేతులూ పోల్ దగ్గరికి ముడుచుకున్న కొద్దీ వేగం పెరుగుతుంది, బారజాపితే తగ్గుతుంది. గుండ్రంగా తిరిగే మంచు స్కేటర్లు చేతులు ముడుచుకున్నప్పుడు జరిగేది ఇదే. కొత్తవారు భయపడగానే చేసే మొదటి పని పోల్‌ను గట్టిగా కావలించుకోవడం. దాంతో వేగం రెట్టించి, భయం ఇంకా పెరుగుతుంది, కళ్లు తిరుగుతాయి, కడుపులో తిప్పుతుంది. ఆ సమయంలో ఒక కాలును నెమ్మదిగా బయటికి చాపాలని తెలిసి ఉండాలి, ఆ పని చేయగలిగేంత పట్టు చేతుల్లో మిగిలి ఉండాలి. అందువల్ల మొదటి కోర్సు స్టాటిక్ మీదే చేయమని, ఐదారు తరగతుల తర్వాత స్పిన్ రుచి చూడమని చెబుతాను. ప్రయాణంలో వాంతులయ్యే తత్వం ఉన్నవారు స్పిన్‌ను మరింత నిదానంగా, తరగతికి రెండు మూడు నిమిషాల చొప్పున అలవాటు చేసుకోవాలి.

శైలి, బట్టలు, చర్మం

తరగతుల పట్టికలో ఫిట్‌నెస్ లేదా ట్రిక్స్ అని రాసి ఉంటే అందులో పట్టు, ఎక్కడం, కూర్చోవడం వంటివి ఒక్కొక్కటిగా నేర్పుతారు. ఫ్లో లేదా కొరియోగ్రఫీ అని ఉంటే పాటకు తగినట్టు కదలికలను కలుపుతారు. ఎత్తు మడమల చెప్పులతో చేసే తరగతులు వేరే ఉంటాయి. చీలమండకు బలం, నేల మీద దొర్లే నేర్పు వాటికి కావాలి. అది ఇష్టమైనవారు సంకోచం లేకుండా ఇష్టపడవచ్చు, ఈ నాట్యానికి మూలమైన ధారల్లో అదీ ఒకటి. పోటీల వైపు మనసున్నవారికి క్రీడా శైలి ఉంది. అంతర్జాతీయ పోల్ స్పోర్ట్స్ సమాఖ్య 2009లో ఏర్పడింది, 2017లో ప్రపంచ క్రీడా సమాఖ్యల ఉమ్మడి సంఘం దానికి పరిశీలక హోదా ఇచ్చింది. కొత్తవారికి ట్రిక్స్ తరగతి వారానికి ఒకటి, వీలైతే ఫ్లో తరగతి ఒకటి సరిపోతాయి. రెండింటి మధ్య కనీసం ఒకటి రెండు రోజుల విరామం ఉండాలి.

బట్టల సంగతి చాలామందిని వెనక్కి లాగుతుంది కనుక కొంచెం వివరంగా చెప్పాలి. నిక్కరు, చేతుల్లేని బనియను వేసుకోమనడం ప్రదర్శన కోసం కాదు. లోహం మీద బట్ట జారిపోతుంది, చర్మం పట్టుకుంటుంది; తొడ లోపలి వైపు, పిక్క, మోచేతి మడత, చంక ఇవే బ్రేకులు. అయితే మొదటి రెండు మూడు తరగతుల్లో చేతి పట్టు, నడక, చిన్న తిరుగుళ్లే ఉంటాయి కాబట్టి మోకాలి వరకు మడవగలిగే ప్యాంటుతో వెళ్లవచ్చు. ఎక్కడం మొదలయ్యాక మోకాళ్లు, పిక్కలు తెరిచి ఉండాలి. పోల్ మీద కూర్చునే రోజు నుంచి తొడలు కూడా. శరీరం కప్పుకునే చేయాలనుకునేవారికి సిలికాన్ తొడుగు ఉన్న పోల్ ఒక దారి. అది బట్ట మీద కూడా పట్టు ఇస్తుంది కాని, చేయి జారదు కనుక స్టాటిక్ తిరుగుళ్లు దాని మీద సాధ్యం కావు. సర్కస్ కళాకారులు వాడే చైనీస్ పోల్‌కు రబ్బరు తొడుగు ఉంటుంది, దాని మీద నిండు బట్టలతోనే చేస్తారు. మల్లఖంబ్ సంగతి వేరు. అది నూనె పట్టించే చెక్క స్తంభం, కాళ్ల బిగింపే అందులో ప్రధానం. మూడూ చుట్టరికం ఉన్న విద్యలే అయినా ఒకదాని పట్టు మరొకదానికి పనికిరాదు.

తరగతి రోజున ఒంటికి నూనె గాని, లోషన్ గాని రాసుకోకండి. మీరు జారడమే కాదు, ఆ జిడ్డు మీ తర్వాత పట్టుకునేవారికీ అంటుతుంది. ఉంగరాలు, గాజులు, గడియారం తీసి సంచిలో పెట్టండి. అవి పోల్‌ను గీస్తాయి, వేళ్లను నలుపుతాయి. అరచేతులకు చెమట ఎక్కువగా పట్టేవారు ద్రవరూపంలో దొరికే చాక్ వాడవచ్చు.

పోల్ లోహం ఎంపిక సాధారణంగా స్టూడియో చేతిలోనే ఉంటుంది. క్రోమ్ పూత పోల్‌లే ఎక్కువ. ఇత్తడి పోల్ ఎక్కువ పట్టు ఇస్తుంది, చెమట చేతులవారికి అది నచ్చుతుంది. నికెల్ పడని చర్మం ఉన్నవారు క్రోమ్ పూత గురించి ముందే అడగాలి, ఎందుకంటే ఆ పూత కింద నికెల్ పొర ఉండవచ్చు. మందం విషయానికి వస్తే 45 మిల్లీమీటర్ల పోల్ ఇప్పుడు సర్వసాధారణం, 50 మిల్లీమీటర్లది పాతకాలపు ప్రమాణం. చిన్న చేతులవారికి 45 పట్టుకోవడం సులువు; కాళ్లతో బిగించే భంగిమల్లో మందపాటిది హాయిగా ఉంటుందనేవారూ ఉన్నారు.

ఇంట్లో పోల్ పెట్టుకోవడం

వీడియోలు చూసి ఇంట్లోనే నేర్చుకోవచ్చు కదా అన్నది సహజమైన ఆలోచనే. ఏడాదికి కట్టే రుసుముతో ఒక మంచి పోల్ రావచ్చు, రాకపోకలు తప్పుతాయి, ఎవరూ చూడరు. కాని కొత్తవారికి నేను దీనిని సిఫారసు చేయలేను. భుజం చెవి దగ్గరికి ఎక్కిపోయినప్పుడు వీడియో చెప్పదు, అద్దంలో మనకు మనం కనిపెట్టలేం. పై చేయిని లోపలికి మెలిపెట్టి పట్టుకునే పట్టు, వీడియోల్లో తరచుగా కనిపించేది, చూడటానికి తేలికగా ఉన్నా మణికట్టును, భుజాన్ని తీవ్రంగా ఒత్తిడికి గురిచేస్తుంది. దానిని అనుభవజ్ఞులే ఆచితూచి వాడతారు.

రెండవ చిక్కు ఇంటి పైకప్పు. నేలకూ కప్పుకూ మధ్య ఒత్తిడితో నిలిచే పోల్ గట్టి కాంక్రీటు కప్పు కింద గాని, దూలం కింద గాని మాత్రమే భద్రం. అలంకారానికి వేసిన ఫాల్స్ సీలింగ్ దానిని మోయలేదు. వేదికలాంటి పీఠం మీద నిలబడే పోల్‌కు కప్పుతో పని లేదు కాని, అది చాలా స్థలం తీసుకుంటుంది, తిరిగేటప్పుడు కొద్దిగా ఊగుతుంది. బేరింగులు, బిగింపు లేని చవకరకం పోల్‌ల జోలికి పోకండి. మనిషి బరువుతో వేగంగా తిరిగినప్పుడు కిందపడితే దెబ్బ మామూలుగా ఉండదు. స్టూడియోలో ఆరు నెలలు నేర్చుకుని, ఏది ఒంటరిగా చేయవచ్చో, ఏది చేయకూడదో తెలిసిన తర్వాత ఇంట్లో పోల్ పెట్టుకుంటే అది చక్కని తోడవుతుంది.

పోల్‌కు బదులు గాలిలో వేలాడే రింగు, సిల్కు వస్త్రాల తరగతులు కూడా అదే స్టూడియోలో ఉంటే తికమక సహజం. రింగు మీద కూర్చోవడానికి చోటుంటుంది కనుక మొదటి రోజునే ఒక భంగిమ వస్తుంది. మోకాళ్ల వెనుక మాత్రం బాగా నొక్కుకుంటుంది. సిల్కుకు చేతిపట్టు బలం ఎక్కువ కావాలి. నేల మీద కాళ్లుంచి నాట్యంలా మొదలుపెట్టగలిగేది పోల్ ఒక్కటే.

గర్భిణులు, అధిక రక్తపోటు లేదా గ్లాకోమా ఉన్నవారు, తరచుగా కళ్లు తిరిగేవారు, భుజం ఒకసారైనా తప్పినవారు ముందు వైద్యుల సలహా తీసుకుని, ఆ సంగతి మొదటి రోజే శిక్షకురాలికి చెప్పాలి. తలకిందులయ్యే భంగిమలో తలలోనూ, కంటిలోనూ ఒత్తిడి పెరుగుతుంది.

రెండు స్టూడియోల మధ్య తేల్చుకోలేకపోతే, రెండింటిలోనూ ఒక్కో పరిచయ తరగతి చేయండి, మధ్యలో మూడు నాలుగు రోజులు ఎడం ఉంచండి. ప్రతి తరగతి మర్నాడు ఒళ్లు ఏం చెబుతోందో గమనించండి. వీపు పైభాగంలో, ముంజేతుల్లో, పొట్టలో సలుపు ఉంటే పాఠం సరైన చోటికే చేరినట్టు. పిక్క ముందు భాగాన, పాదం పైన నీలి మచ్చలు ఎక్కడం నేర్చుకున్న ప్రతివారికీ వస్తాయి, చర్మం అలవాటుపడ్డాక తగ్గుతాయి. భుజం ముందు భాగంలో గాని, మోచేతి లోపలి వైపున గాని సూదిలా పొడిచే నొప్పి ఉంటే మాత్రం తర్వాతి తరగతికి వెళ్లగానే ఆ మాట అక్కడి శిక్షకురాలికి చెప్పండి. ఆమె ఆ రోజు మీ పాఠంలో ఏం మార్చి ఇస్తారో చూశాకే కోర్సు రుసుము కట్టండి.